బాయి మాటలే పాటయ్యాయి
గోదావరిఖనిలో నాన్న డ్యూటీ ముచ్చట్లు వింటూ పెరిగారా? అయితే మెర్ల్ ట్రావిస్ గురించి తెలుసుకోండి. 1917లో అమెరికాలోని కెంటకీలో పుట్టారు. తండ్రి బొగ్గుగని కార్మికుడు. బొటనవేలితో తాళం, చూపుడువేలితో రాగం పలికించే గిటార్ విద్యను అక్కడి గని కార్మికుల దగ్గరే నేర్చుకున్నారు. కంపెనీ దుకాణంలో తీరని అప్పు గురించి తండ్రి అనే మాటను, సోదరుడి ఉత్తరంలోని మాటను కలిపి ‘సిక్స్‌టీన్ టన్స్’ పాట కట్టి 1946లో రికార్డు చేశారు. మొదట పెద్దగా పేరు రాలేదు. 1955లో టెన్నెస్సీ ఎర్నీ ఫోర్డ్ పాడాక దేశమంతా మోగింది. 1977లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. నాష్‌విల్‌లోని ఆ మ్యూజియంలో ఆయన పేరిట కంచు ఫలకం ఉంది. 1983లో కన్నుమూశారు. మీ ఇంట్లో వినిపించే బాయి మాటలను చిన్నచూపు చూడకండి. ఇవాళే నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి.