ఆదాయ వ్యయములు: అమరజీవి పొట్టి శ్రీరాములు

ఉగాదినాడు పంచాంగ శ్రవణమున ప్రతివారును తమ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత యని చెవియొగ్గి విందురు. వ్యయము మించినచో మార్గములు రెండే: సంపాదన పెంచుకొనుట, లేదా అక్కరలు తగ్గించుకొనుట. ఈ రెండు మార్గములను స్వయముగా నడిచి చూచి, ఏది తనకు తగునో, ఏది పరులకు తగునో గుర్తించిన మహనీయుడు పొట్టి శ్రీరాములు.

ఆయన 1901లో చెన్నపట్టణమున జార్జిటౌనులో జన్మించెను. తండ్రి గురవయ్య, తల్లి మహాలక్ష్మమ్మ. పూర్వుల గ్రామము కనిగిరి దాపుననున్న పడమటిపల్లె. అది నాడు నెల్లూరు జిల్లాలోనిది. అవి వానను నమ్ముకొన్న మెట్టభూములు. కరవు వచ్చినచో అచట పొదుపు చేయుటకైనను ఏమియు మిగులదు. అట్టి కరవే ఆ కుటుంబమును పట్టణమునకు తరలించినది. వారికి మొదట కావలసినది పొదుపు కాదు, సంపాదన.

శ్రీరాములు ఆ మార్గముననే నడిచెను. చెన్నపట్టణమున ఉన్నత పాఠశాల చదువు ముగించి, బొంబాయి విక్టోరియా జూబిలీ సాంకేతిక విద్యాలయమున పారిశుద్ధ్య ఇంజనీరింగు నేర్చెను. పిమ్మట గ్రేట్ ఇండియన్ పెనిన్సులర్ రైల్వేలో ఉద్యోగము లభించెను. జీతము నెలకు 250 రూపాయలు. నాటి బడిపంతులు కలలోనైన ఎరుగని మొత్తమది. కరవుకు వెరచి ఊరు విడిచిన కుటుంబమునకు విద్య తెచ్చిన ఫలమది.

అంతలో విధి వక్రించెను. భార్యయు, అప్పుడే పుట్టిన బిడ్డయు మరణించిరి. సుమారు నాలుగేండ్లు చేసిన ఉద్యోగమును వదలి, శ్రీరాములు గాంధీజీ సబర్మతి ఆశ్రమమున చేరెను. 1930లో ఉప్పు సత్యాగ్రహమున కారాగారమునకు వెడలెను. జీతము పోయినను ఆయన లెక్క తప్పలేదు. ఆదాయముతోపాటు అక్కరలను కూడ అడుగంట దించెను. కులభేదమెంచక ఎవరింట పెట్టినది ఆ యింట భుజించెడివాడు.

ఆలుబిడ్డల భారము లేనివానికి ఇది సాధ్యమే గాని, సంసారికి సాధ్యమా యని అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. గంజి త్రాగు ఇంట ఖర్చు తగ్గింపుమనుట హితబోధ కాదు, క్రౌర్యము. ఈ భేదము శ్రీరాములు ఆచరణమున స్పష్టముగ కనిపించును. కృష్ణా జిల్లా కొమరవోలులో యెర్నేని సుబ్రహ్మణ్యముగారి గాంధీ ఆశ్రమమున గ్రామసేవ చేసిన ఆయన, 1943-44లో నెల్లూరు జిల్లాలో రాట్నమును ప్రచారము చేసెను. పంట చేతికి వచ్చిన పిదప మెట్టరైతుకు నెలల తరబడి పని యుండదు. ఆ తీరిక వేళలందు ఇంటనే నూలు వడికినచో నాలుగణాలు చేరును. తన మట్టుకు ఖర్చు తగ్గించుకొన్నవాడు పేదల ఇండ్లకు తీసికొని వెళ్ళినది సంపాదన మార్గమునే.

అక్కరలు తగ్గినవానికి భయమును తగ్గును. పోగొట్టుకొనుటకు ఉద్యోగము లేదు, ఆస్తి లేదు. 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయమున హరిజన ప్రవేశమునకై ఆయన నిరాహారదీక్ష పూనగలుగుటకు ఈ నిర్భయత్వమే ఆధారము. తుదకు ఆంధ్ర రాష్ట్రమునకై 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి ఇంట దీక్షకు కూర్చుండి, 58 దినములు అన్నము విడిచి, డిసెంబరు 15న అసువులు బాసెను. దానిని మితవ్యయమనరాదు. తనకు మిగిలిన ఒకే ధనమును, ప్రాణమును, జాతికై వెచ్చించుట యది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము అవతరించెను.

2008లో కృష్ణపట్నమున నూతన రేవు ప్రారంభమయ్యెను. ఆ యేడే జిల్లాకు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా యని పేరిడిరి. లక్షల టన్నుల సరకు దిగు ఆ తీరమునకు, తనకంటూ ఏమియు మిగుల్చుకొనని మనుజుని పేరు దక్కినది. విద్యార్థులు ఆ పేరు వ్రాయునపుడెల్ల ఒకటి స్మరింపవలెను: పొదుపు తనకు తాను విధించుకొనదగిన వ్రతము, ఎదుటి పేదకు చూపదగినది పని, దానికి తగిన కూలి.