రాళ్ల లోయలో దేవుని తోటమాలి

ఫ్రాన్సు తూర్పు సరిహద్దున, వోజ్ పర్వతాల మధ్య ‘రాళ్ల లోయ’ అని అర్థమిచ్చే పేరుతో ఒక మారుమూల ప్రాంతం ఉంది. 1767లో ఇరవయ్యారేళ్ల యువకుడొకడు అక్కడి వాల్డర్స్‌బాక్ గ్రామానికి లూథరన్ పాస్టరుగా వచ్చాడు. ఆయనే జాన్ ఫ్రెడరిక్ ఒబర్లిన్. స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టి, అక్కడి విశ్వవిద్యాలయంలోనే వేదాంతం చదివిన ఆయన పట్టణంలో సుఖమైన ఉద్యోగం కోరుకోలేదు. ఎవరూ వెళ్లని చోటే తన చోటనుకున్నాడు.

ఆ లోయ నిజంగానే ఎవరూ కోరుకోని చోటు. 1618 నుంచి 1648 వరకు సాగిన యుద్ధం ఆ ఊళ్లను పాడుచేసింది. తరాలు గడిచినా అవి పూర్తిగా కోలుకోలేదు. కొండవాలు పొలాల్లోని మట్టి వానలకు కొట్టుకుపోయేది. ప్రజల ప్రధాన ఆహారమైన బంగాళాదుంపకు విత్తనం బలహీనపడి, దిగుబడి ఏటేటా తగ్గిపోయింది. పండిన కాస్తయినా అమ్ముకుందామంటే పట్టణానికి సరైన దారి లేదు. ఒబర్లిన్‌కు ముందున్న స్టూబర్ పాస్టరు బడులు పెట్టి అక్షరాలు నేర్పించాడు. ఆకలి మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆకలితో ఉన్నవాడికి పరలోకాన్ని గురించి మాత్రమే చెప్పి సరిపెట్టడానికి ఒబర్లిన్ మనసు ఒప్పలేదు. అయితే ఆయన మార్పులు కొందరికి కిట్టలేదు. ఆయన్ని దారికాచి కొట్టాలని పన్నాగం పన్నారు. ఆ సంగతి తెలిసి కూడా ఆయన ఆ ఆదివారం అపకారాన్ని సాత్వికంతో సహించడం గురించే ప్రసంగించాడు. ఆరాధన ముగిశాక కుట్రదారులు చేరిన ఇంటికి ఒంటరిగా వెళ్లి, కొట్టదలిస్తే కొట్టండని వారి ముందు నిలబడ్డాడు. వారు సిగ్గుపడి క్షమాపణ కోరారు.

తర్వాత ఆయన రోడ్డు వేద్దామన్నాడు. బ్రూష్ నది ఒడ్డున కొండరాళ్లు పగలగొట్టి, గోడలు కట్టి, వంతెన వేసి, స్ట్రాస్‌బర్గ్ రహదారిని చేరాలన్నది ఆలోచన. అసాధ్యమని అందరూ తల అడ్డంగా తిప్పారు. ఒబర్లిన్ వాదించలేదు. గునపం భుజాన వేసుకుని వెళ్లి తానే తవ్వడం మొదలుపెట్టాడు. అది చూసి ఒకరి తర్వాత ఒకరు పనిముట్లతో వచ్చి కలిశారు. ప్రమాదమున్న చోట ముందు ఆయనే నిలబడేవాడు. స్ట్రాస్‌బర్గ్‌లోని స్నేహితులు డబ్బు, పనిముట్లు పంపారు. దారి పడింది, వంతెనా లేచింది.

ఇక మిగిలింది నేల. పట్నం నుంచి వచ్చిన పాస్టరు తమకు సేద్యం నేర్పడమేమిటని రైతులు నవ్వారు. అందుకే ఆయన నోటితో చెప్పలేదు. పాస్టరు బంగళాకు చెందిన తోటలు జనం నడిచే బాట పక్కనే ఉండేవి. ఆ నిస్సారమైన నేలలో లోతుగా గుంటలు తవ్వి, ఎరువు నింపి, పండ్లమొక్కలు నాటాడు. ఊరంతా ఎండిన పొలాల మధ్య ఆ చెట్లు మాత్రం ఏపుగా పెరిగాయి. రోజూ ఆ దారిన పోయేవారు చివరకు ఆగి, ఎలా పెంచావని అడిగారు. అడిగినవారికి మొక్కలిచ్చి అంటుకట్టడం నేర్పాడు.

ఆకులు, నాచు, గడ్డిదుబ్బులు, చిరిగిన గుడ్డపీలికలు, చివరికి పాత చెప్పులు కూడా వృథా పోనివ్వలేదు. పిల్లలు ఏరి తెస్తే వారికి చిల్లర డబ్బులిచ్చి, వాటితో ఎరువు తయారుచేయించాడు. బయటి నుంచి మంచి బంగాళాదుంప విత్తనం, అవిసె గింజలు తెప్పించాడు. పశువులకు మేతగా క్లోవర్ గడ్డి వేయించాడు. మన పొలాల్లో జనుము, పిల్లిపెసర చేసే మేలే ఆ గడ్డి అక్కడి నేలకు చేసింది. రైతులు కలిసి ఆలోచించుకోవడానికి ఒక వ్యవసాయ సంఘం ఏర్పరచాడు. కన్ఫర్మేషన్ పొందగోరే యువతీయువకులు రెండు చెట్లు నాటినట్టు రుజువు చూపాలని నియమం పెట్టాడు. చెట్టు నాటడం కూడా ఆయన దృష్టిలో దేవునికి చేసే సేవే.

ఆయన భార్య 1783లో మరణించింది. అప్పటికే ఆ ఇంట పనిచేస్తున్న లూయిస్ షెప్లర్ అనే గ్రామీణ యువతి జీతం వద్దని, ఆయన పిల్లల్నీ, ఊరి శిశు పాఠశాలల్నీ తన భుజాలపై మోసింది. ఫ్రెంచి విప్లవకాలంలో, 1794లో ఒబర్లిన్‌ను కొద్దిరోజులు నిర్బంధించారు. అయినా ఆయన లోయను విడువలేదు. 1818లో ప్యారిస్‌లోని వ్యవసాయ సంఘం ఆయనకు బంగారు పతకమిచ్చింది. 1826 జూన్ 1న, దాదాపు అరవై ఏళ్ల సేవ తర్వాత, ఆయన ప్రభువునందు నిద్రించాడు. ఫూడే గ్రామంలో ఆయన సమాధి ఉంది. 1833లో అమెరికాలో స్థాపించిన ఒబర్లిన్ కళాశాల ఆయన పేరే పెట్టుకుంది.

దేవుడు మొదటి మనిషిని ఒక తోటలో ఉంచి, దాన్ని సేద్యపరచి కాపాడే పని అప్పగించాడని ఆదికాండము చెబుతుంది. ఒబర్లిన్ ఆ పనిని సువార్త నుంచి వేరు చేయలేదు. ఆయన చేసిన ప్రసంగాలు ఎన్నో. కానీ రైతుల్ని ఆపి అడిగించింది బాట పక్కన పెరిగిన చెట్టు. మన విశ్వాసాన్ని కూడా పొరుగువారు ముందుగా మన పెరట్లోనే చూస్తారు. మన చర్చి ఆవరణలో నీడనిచ్చే చెట్టుందా, మనం దున్నే నేల మన పిల్లలకు పంటనిచ్చే స్థితిలో మిగులుతుందా అని ఈ వారం ప్రార్థనలో మనల్ని మనం అడుగుదాం. ఆపై ఒక గునపం తీసుకుని బయలుదేరుదాం.