తెగిన సిరను అతికిన చేయి: అలెక్సిస్ కారెల్

ప్రేగుల నుండి, ప్లీహం నుండి వచ్చే రక్తాన్ని కాలేయానికి చేర్చే పెద్ద నాళాన్ని కాలేయ నిర్వాహక సిర అంటారు. అది తెగినా, రక్తం గడ్డకట్టి పూడుకొన్నా ప్రాణాపాయమే. అటువంటి నాళాలను అతికే విద్యకు బలమైన పునాది వేసిన శాస్త్రజ్ఞుడు అలెక్సిస్ కారెల్.

ఆయన 1873 జూన్ 28న ఫ్రాన్సులోని లియోన్ నగర సమీపాన జన్మించాడు. వస్త్రవ్యాపారియైన తండ్రి ఆయన పసితనంలోనే మరణించగా, తల్లి పెంచి పెద్దచేసింది. కారెల్ వైద్యవిద్య నేర్చుకొంటున్న రోజులలో, 1894 జూన్ 24న, లియోన్‌కు వచ్చిన దేశాధ్యక్షుడు సాదీ కార్నోను ఒక అరాచకవాది కత్తితో పొడిచాడు. కాలేయ నిర్వాహక సిర తెగింది. వైద్యులు చుట్టూ ఉండి కూడా ఆయనను కాపాడలేకపోయారు. కొద్ది గంటలలోనే అధ్యక్షుడు మరణించాడు. తెగిన నాళాన్ని ఎందుకు కుట్టలేమన్న ప్రశ్న ఆ యువకుణ్ణి వదలలేదు.

అందుకు సుమారు తొమ్మిది శతాబ్దాల పూర్వమే స్పెయిన్ దేశపు శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ, రక్తం కారే ధమనిని దారంతో ముడివేసే పద్ధతిని తన అల్ తస్రీఫ్ గ్రంథంలో వివరించాడు. కాని ముడి వేసినచో రక్తస్రావంతో పాటు ప్రవాహం కూడా ఆగిపోతుంది. ప్రవాహం ఆగకుండా అతకడమే అసలు సమస్య.

లియోన్ పట్టునేతకు ప్రసిద్ధి. కారెల్ ఆ నగరంలోని లెరూడియే అనే కుట్టుపనిలో ఆరితేరిన స్త్రీ వద్ద శిష్యుడై సన్నని సూదిని వాడడం నేర్చుకొన్నాడు. నాళపు గుండ్రని అంచులను సమదూరంలో మూడుచోట్ల కుట్టి లాగితే అది త్రిభుజమవుతుంది. అప్పుడు తిన్నని అంచులను కుట్టడం సులభం. ఈ పద్ధతిని ఆయన 1902లో ప్రకటించాడు. 1904లో అమెరికా ఖండానికి వెళ్ళి, చికాగోలో ఛార్లెస్ గథ్రీతో కలిసి జంతువులలో అవయవాల మార్పిడి ప్రయోగాలు చేశాడు. 1906లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో చేరాడు. 1912లో నోబెల్ బహుమతి పొందాడు.

నాళాలు చక్కగా అతికినా పరాయి అవయవం నిలవడం లేదని ఆయన గమనించాడు. ఆ చిక్కును తరువాతి తరాలవారు మందులతో సాధించారు. 1963లో అమెరికాలో థామస్ స్టార్జల్ మానవునికి తొలి కాలేయ మార్పిడి చేయగా, 1967లో ఆ చికిత్స ఫలించింది. నిర్వాహక సిర పూడుకొన్న రోగులకు ఈ చికిత్స తగదని చాలాకాలం భావించారు. నేడు ఆ తలుపు తెరుచుకొంది. మన నిడమనూరు రైతులకు సాగర్ కాలువ పూడితే ఏమి చేయాలో తెలుసు: పూడిక తీయాలి, లేదా పక్కనుండి మరో పాయ తవ్వాలి. వైద్యులు చేసేదీ అదే. మొదట గడ్డను తీసివేస్తారు. వీలుకాకున్న, పూడిక దిగువనున్న ప్రేగుల సిర నుండి మరో సిరముక్కతో కొత్త కాలేయానికి దారి వేస్తారు. అదీ లేనప్పుడు మూత్రపిండపు సిర నుండో, శరీరపు దిగువభాగపు మహాసిర నుండో రక్తాన్ని మళ్ళిస్తారు. ఈ దారులన్నింటా ఉన్నది నాళాన్ని నాళంతో అతికే ఆ కుట్టుపనియే.

అయితే జీవితచరిత్ర వ్రాసేవారు ఒక వైపే చూపరాదు. 1935లో వెలువడిన తన గ్రంథంలో కారెల్ కొందరు నేరస్థులను వాయువుతో చంపవచ్చునని వ్రాశాడు. మనుషులలో మేలుజాతిని పెంచాలన్న సిద్ధాంతాన్ని సమర్థించాడు. జర్మనీకి లొంగిన విషీ ప్రభుత్వం 1941లో స్థాపించిన సంస్థకు నాయకత్వం వహించాడు. 1944 నవంబరు 5న పారిస్‌లో మరణించాడు. లియోన్ వైద్యకళాశాలకు పెట్టిన ఆయన పేరును 1996లో మార్చివేశారు.

పేరు పోయింది, కుట్టు మిగిలింది. ఒక కుట్టుపనివనిత ముందు వినయంతో కూర్చున్ననాడు ఆయన లోకానికి ఉపకారి అయ్యాడు. సాటి మనుషులను ఎక్కువ తక్కువలుగా తూచిననాడు ఆ గౌరవం కోల్పోయాడు. విద్యార్థి సోదరసోదరీమణులు ఈ రెండు పాఠాలను కలిపి చదువుకొందురు గాక.