సుబ్బారావు గారి బూజు

అశోక్‌నగర్‌లో మా అన్నయ్య ఉండే రూమ్ హుస్సేన్‌సాగర్ నాలాకి బాగా దగ్గర. కిటికీ తీస్తే వచ్చే వాసన గురించి నేను రాయను. ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి తెలుసు, లేనివాళ్ళు అదృష్టవంతులు. సాగర్‌లో ఎక్కువైన నీళ్ళు ఈ నాలా పట్టుకుని దారిలో మన డ్రైనేజీని కూడా కలుపుకుని, నల్లకుంట, అంబర్‌పేట వైపు వెళ్ళి మూసీలో పడతాయి. శనివారాలు నేను హాస్టల్ నుంచి అన్నయ్య దగ్గరికి వస్తాను. వాడు చిక్కడపల్లి లైబ్రరీకి పోతాడు, నేను వాడి మంచం మీద కూర్చుని లాప్‌టాప్ తెరుస్తాను. యల్లాప్రగడ సుబ్బారావు గారు నాకు దొరికింది అలా కూర్చున్నప్పుడే, అదీ ఈ నాలా వల్లనే.

సెకండియర్ మినీ ప్రాజెక్ట్‌కి మేము డయాటమ్‌ల ఫోటోలు చూసి జాతి పేరు చెప్పే ప్రోగ్రామ్ రాద్దామనుకున్నాం. డయాటమ్ అంటే ఒకే కణం ఉన్న ఆల్గే. ఒంటి చుట్టూ సిలికాతో కట్టుకున్న చిన్న గాజు పెట్టె ఉంటుంది. వాగులో రాయి మీద కాలు పెడితే జర్రున జారుతుంది కదా, ఆ గోధుమరంగు జిగురులో చాలావరకు ఉండేవి ఇవే. తడి మట్టిలోనూ ఉంటాయి. ఏ రకం ఎక్కువగా ఉందో చూసి ఆ నీళ్ళు ఎంత మురికో చెప్పొచ్చు. నిట్జ్‌షియా పాలియా అని ఒకటుంది, మురుగులో హాయిగా బతికేస్తుంది. ఇదంతా మనకి కొత్తేం కాదు. ఉస్మానియా నుంచి వి. వెంకటేశ్వర్లు గారు మూసీ ఆల్గే మీద రాసిన పేపర్లు 1969లోనే హైడ్రోబయాలజియా అనే జర్నల్‌లో వచ్చాయి.

రాళ్ళ మీద జిగురు గురించి చదువుతూ చదువుతూ మురుగు శుద్ధి దగ్గర తేలాను. పాత పద్ధతి ఒకటుంది. పెద్ద తొట్టి నిండా రాళ్ళు పోసి పైనుంచి మురుగునీళ్ళు చిలకరిస్తారు. కొన్నాళ్ళకి ఆ రాళ్ళకి బాక్టీరియా, బూజులు, ఎండ తగిలే పైపొరలో ఆల్గే పట్టి, దిగే నీళ్ళలోని మురికిని తినేస్తాయి. ఆ బూజుల జాబితాలో ఒక పేరు సబ్బరోమైసెస్ స్ప్లెండెన్స్. ఇంగ్లీషు అక్షరాల్లో చదివాను కాబట్టి సబ్బు గుర్తొచ్చింది. మురుగులో సబ్బు నురగ ఉంటుంది, సరిపోయింది అనుకున్నా. రెండు నిమిషాల తర్వాత వెలిగింది. అది సబ్బు కాదు, సుబ్బారావు. 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త, న్యూయార్క్ దగ్గర లెడర్లే కంపెనీలో పనిచేసినాయన, మురుగు రాళ్ళ మీద దొరికిన కొత్త బూజుకి అదే లాబ్‌లో పనిచేసి చనిపోయిన మన భీమవరం మనిషి పేరు పెట్టాడు.

మాది కూడా ఆ పక్కే. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు భీమవరానికి బస్సులో గంట. అయినా నాకు ఆయన గురించి తెలిసింది ఒక్కటే. స్కూల్లో జీకే పుస్తకంలో పేరు, ఎదురుగా ఒక మందు పేరు. జతపరచుము.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు, పిల్లలు ఏడుగురు, డబ్బులు తక్కువ. చిన్నప్పుడు కాశీకి పోయి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోబోయి దొరికిపోయారు. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి పాసయ్యారు. ప్రెసిడెన్సీ కాలేజీలో చేరాక రామకృష్ణ మఠం వైపు మనసు పోయింది, సన్యాసం తీసుకుంటానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. మఠం వాళ్ళే డాక్టర్ చదువు చదవమని పంపారు. ఆ చదువుకి కొంత స్నేహితులు సాయం చేశారు, కొంత కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు పెట్టుకున్నారు. ఆ సూర్యనారాయణమూర్తి గారి కూతురు శేషగిరినే 1919లో సుబ్బారావు గారు పెళ్ళి చేసుకున్నారు.

మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీ గారు విదేశీ వస్తువులు మానేయమన్నారని ఆపరేషన్ థియేటర్‌కి ఖద్దరు గౌను వేసుకెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి నచ్చలేదు. చివర్లో ఎం.బి.బి.ఎస్. బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. ఒక్క గౌను! ఆ కాగితం వల్ల సర్కారు వైద్య సర్వీసు దారి మూసుకుపోయింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పుకుంటూ ఉండిపోయారు.

ఈలోగా ఇంట్లో స్ప్రూ వచ్చింది. అది పేగుల జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోయి మనిషి కరిగిపోతాడు. రోజుల తేడాతో ఇద్దరు అన్నదమ్ములు పోయారు. సుబ్బారావు గారికీ వచ్చింది, లక్ష్మీపతి గారి మందుతో బయటపడ్డారు. డాక్టర్ చదువు చదివి, ఇంట్లోవాళ్ళు ఎందుకు చచ్చిపోతున్నారో చెప్పలేకపోవడం ఎలా ఉంటుందో నేను ఊహించలేను. అమెరికా వెళ్ళి ఉష్ణదేశపు జబ్బుల వైద్యం చదవాలనుకున్నారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం చేసింది, మిగతాది మామగారే. అప్పటికి శేషగిరి గారు గర్భవతి. మూడేళ్ళలో వచ్చేస్తానని చెప్పి 1920ల మొదట్లో ఓడ ఎక్కారు.

బోస్టన్‌లో హార్వర్డ్ సీటు ఉంది కానీ స్కాలర్‌షిప్ లేదు. రాత్రిళ్ళు ఆసుపత్రిలో పోర్టర్ పని చేశారు, అంటే రోగుల బెడ్‌పాన్‌లు కడగడం లాంటివి. అక్కడుండగానే ఇంటి దగ్గర కొడుకు పుట్టి, నెలల బిడ్డగానే పోయాడని కబురొచ్చింది. డిప్లొమా అయ్యాక సైరస్ ఫిస్కే అనే ఆయన దగ్గర బయోకెమిస్ట్రీలో చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలం రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతి పట్టుకునే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపెట్టారు. ఇంటర్‌లో బైపీసీ వాళ్ళు బట్టీ కొట్టిన ఏటీపీయే అది. (జర్మనీలో లోమన్ కూడా అదే ఏడు విడిగా కనిపెట్టాడు.) ఇంత చేసినా హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. అదే లాబ్‌లో చదివి తర్వాత నోబెల్ తీసుకున్న జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు గారు కనిపెట్టినవి కొన్ని ఫిస్కే అసూయ వల్ల బయటికి రాలేదనీ, వాటిని వేరేవాళ్ళు ఏళ్ళ తర్వాత మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చిందనీ చెప్పాడు.

ఇక్కడిదాకా చదివి నేను ఉత్సాహంగా అన్నయ్యకి చెప్పాను. లైబ్రరీ బయట టీ బండి దగ్గర. వాడు గ్రూప్స్‌కి రెండుసార్లు రాశాడు, ఇప్పుడు మూడోది. సుబ్బారావు గారు మెట్రిక్ మూడోసారి పాసయ్యారని చెప్తే వాడికి ధైర్యంగా ఉంటుందనుకున్నా. వాడు గ్లాసు కింద పెట్టి, ఆ మూడేళ్ళ తర్వాత ఆయన ఇంటికి వెళ్ళాడా అని అడిగాడు. లేదన్నాను. మరి ఆవిడ ఏం చేసింది అన్నాడు. నేను చదివినవాటిలో ఆవిడకి రెండు లైన్లే ఉన్నాయి. వాడు ఇంకేం మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. అన్నయ్యకి పెళ్ళిమాట ఖాయమై రెండేళ్ళయింది, ఉద్యోగం వచ్చాక ముహూర్తం. మా ఇంట్లో అందరం ఆ అమ్మాయి పేరు తీసుకోకుండా జాగ్రత్తగా మాట్లాడతాం.

శేషగిరి గారు ఎదురుచూశారు. సుబ్బారావు గారు మళ్ళీ ఇండియా రాలేదు. భార్యాభర్తలు మళ్ళీ కలుసుకోలేదు. పాతికేళ్ళు.

1940లో ఆయన హార్వర్డ్ వదిలి పెర్ల్ రివర్‌లోని లెడర్లేకి వెళ్ళారు. రెండేళ్ళలో రీసెర్చ్ డైరెక్టర్ అయ్యారు. వదిలి వచ్చిన జబ్బుల పని అక్కడ పట్టుకున్నారు. 1945కి ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని లాబ్‌లో తయారుచేసింది. అది స్ప్రూలో రక్తం తగ్గిపోవడానికి మందు. అన్నదమ్ములు పోయి పాతికేళ్ళు దాటాక! ఇప్పుడు మన ఊళ్ళల్లో గర్భిణులకి ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండే ఫోలిక్ యాసిడ్ అదే. దాన్నే కొంచెం మార్చి అమైనాప్టెరిన్ చేస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చి, కొందరిలో జబ్బు కొన్నాళ్ళయినా వెనక్కి తగ్గడం చూశాడు. ఇప్పుడు వాడే మెథోట్రెక్సేట్ దాని తమ్ముడు.

1947లో హెట్రజాన్ వచ్చింది. ఇది మా ఇంటి విషయం. మా అమ్మమ్మకి బోదకాలు. ఏటా ఇంటికొచ్చి మింగించే బోదకాలు మాత్రల్లో డి.ఇ.సి. అని రాసుంటుందే, అదే హెట్రజాన్. రక్తంలో తిరిగే పురుగు పిల్లల్ని చంపి, దోమ ద్వారా ఇంకొకరికి అంటకుండా చేస్తుంది. వాచిన కాలు మాత్రం తగ్గదు. తల తిరుగుతోందని అమ్మమ్మ ఆ మాత్రని చీరకొంగులో ముడేసి, ఆరోగ్య శాఖ వాళ్ళు వెళ్ళాక పెరట్లో పారేసేది. అది తయారుచేసింది మన భీమవరం ఆయనే అని మొన్న ఫోన్‌లో చెప్పాను. ముందే చెప్పుంటే మింగేదాన్ని కదా అంది.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం మట్టి కథ. పెన్సిలిన్ వచ్చేసింది, స్ట్రెప్టోమైసిన్ వచ్చేసింది. రెండూ లొంగదీయలేని జబ్బులు ఇంకా చాలా ఉన్నాయి. సుబ్బారావు గారి విభాగంలో బెంజమిన్ డగ్గర్ అని డెబ్భై దాటిన బోటనీ ప్రొఫెసర్ ఉండేవాడు. యూనివర్సిటీలో రిటైరయ్యాక ఇక్కడ చేరాడు. ఆయన పని మట్టి చూడటం. ఒక గ్రాము మట్టిలో కోట్ల బాక్టీరియా ఉంటాయి. తిండి తక్కువ, తినేవాళ్ళు ఎక్కువ. స్ట్రెప్టోమైసిస్ అనే బాపతు (తొలకరి వానకి మట్టి వాసన వస్తుంది కదా, దాని కారకులు వీళ్ళే) రకరకాల రసాయనాలు తయారుచేస్తాయి, వాటిలో కొన్ని పక్కవాళ్ళని పెరగనివ్వవు. ఆ రసాయనం మనకి మందు కావచ్చు, విషమూ కావచ్చు. తెలుసుకోవడానికి దగ్గరదారి లేదు. ఊరూరా తెలిసినవాళ్ళకి ఉత్తరాలు రాసి మట్టి తెప్పించడం, పెంచడం, పరీక్షించడం, పారేయడం. మన భాషలో చెప్పాలంటే బ్రూట్ ఫోర్స్. నేనైతే రెండోరోజే మంచి అల్గోరిథమ్ లేదా అని వెతుక్కునేవాడిని.

1945లో మిస్సోరీ యూనివర్సిటీ నుంచి డగ్గర్ పాత సహోద్యోగి విలియం ఆల్బ్రెక్ట్ కొంచెం మట్టి పంపాడు. శాన్‌బర్న్ ఫీల్డ్ అనే ప్రయోగ పొలంలో 23వ మడిది. 1888లో మొదలైన పొలం అది. ఆ మడిలో ఎరువు వెయ్యకుండా తిమొతీ గడ్డి మాత్రమే పెంచుతూ వచ్చారు. అందులోంచి బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్ ఒకటి బయటపడింది. నంబర్ ఏ-377. అది చేసే మందుకి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. నోట్లో వేసుకుంటే చాలు, టైఫస్ లాంటి జ్వరాల మీదా పనిచేసింది. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబానికి మొదటిది ఇదే. నారాయణగూడ మెడికల్ షాపులో అడిగితే దొరికే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలో చిన్నది.

1948లో ఆరియోమైసిన్ గురించి ప్రపంచానికి చెప్పిన పేపర్ మీద డగ్గర్ పేరొక్కటే ఉంది. జులైలో న్యూయార్క్‌లో సభ పెట్టి ప్రకటించారు. ఆగస్టు రెండోవారంలో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు గారు పోయారు. వయసు 53. వెళ్ళేటప్పుడు చెప్పిన మూడేళ్ళు పాతికేళ్ళయ్యాయి, అప్పటికి ఇండియాకి స్వాతంత్ర్యం వచ్చి కూడా ఏడాది.

ఆయన గొప్పవాడా అంటే గొప్పవాడే, అమ్మమ్మ కూడా ఒప్పుకుంది. కానీ నేను మొదట క్లబ్ పోస్టర్‌కి రాసుకున్న లైన్, ఫెయిలైనా గెలిచాడు అనేది, తీసేశాను. గెలుపు ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో శేషగిరి గారిని అడిగినవాళ్ళు నాకైతే కనిపించలేదు. అలాగని ఆయన వెనక్కి వచ్చేసుంటే ఫోలిక్ యాసిడ్ ఇంకెన్నాళ్ళు పట్టేదో. ఈ లెక్క నాకు తెగలేదు. అన్నయ్యకీ తెగినట్టు లేదు. ఆ రాత్రి మాత్రం వాడు మేడ మీదికి వెళ్ళి చాలాసేపు ఫోన్ మాట్లాడాడు.

ఇది పంపేముందు వాడికి చూపించాను. తన గురించి రాసింది తీసేయమన్నాడు. మర్నాడు పొద్దున ఉంచమన్నాడు, ఆ అమ్మాయి పేరొక్కటి తీసేయమన్నాడు. తీసేశాను.

నాలా పక్కన రాయి మీంచి గీకిన జిగురు జామ్ సీసాలో మా కిటికీలో ఉంది. మూత బిగించినా వాసన వస్తోందని అన్నయ్య గొడవ. బయోటెక్ వాళ్ళ మైక్రోస్కోప్ నాకు గురువారం మధ్యాహ్నం రెండింటి నుంచి మూడింటి దాకా ఇస్తామన్నారు. డయాటమ్‌లు ఎలాగూ ఉంటాయి. నేను బూజు కోసం చూస్తాను.