గాయం మానింది.. మంట ఆగలేదు!

అరికాళ్లు మండిపోతున్నాయని రాత్రిళ్లు తడిగుడ్డ చుట్టుకుని పడుకునేవాళ్లు మీ ఇంట్లో ఉన్నారా? వరంగల్‌లో మా ఓపీకి అలాంటివాళ్లు తరచూ వస్తారు. వాళ్లలో షుగరు ఉన్నవాళ్లే ఎక్కువ. బైకు మీద నుంచి పడి భుజం దగ్గర నరాలు దెబ్బతిన్న కుర్రాళ్లూ ఉంటారు. ఎక్స్‌రేలో ఏమీ ఉండదు, పైకి పుండు కనిపించదు. దాంతో ఇదంతా మనసులోదేమోనని ఇంట్లోవాళ్లకే అనుమానం మొదలవుతుంది. మీకూ ఆ అనుమానం ఉంటే సైలస్ వియర్ మిచెల్ గురించి తెలుసుకోండి.

ఆయన 1829లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టారు. తండ్రీ వైద్యుడే. 1850లో వైద్య పట్టా తీసుకుని, పారిస్ వెళ్లి చదువుకుని వచ్చారు. మొదట్లో ఆయనకు పేరు తెచ్చింది పాము విషంపై పరిశోధన. ఇంతలో 1861లో అంతర్యుద్ధం మొదలైంది. తుపాకీ గుండ్లకు నరాలు దెబ్బతిన్న సైనికుల కోసం ఊరి శివార్లలో టర్నర్స్ లేన్ అనే 400 పడకల ఆస్పత్రి పెట్టారు. అక్కడ మిచెల్, మోర్‌హౌస్, కీన్ అనే ముగ్గురు డాక్టర్లు కలిసి పనిచేశారు.

అక్కడి రోగుల్లో కొందరికి గాయం ఎప్పుడో మానిపోయింది. చెయ్యి మాత్రం నిప్పుల్లో పెట్టినట్టే ఉండేది. పక్కన ఎవరైనా నడిచినా, పేపరు గరగరమన్నా, బయట సైనిక బ్యాండు మోగినా నొప్పి ఎగిసేది. నీళ్ల సీసా, స్పాంజి చేతిలో లేనిదే కదిలేవారు కాదు. బూట్లలో నీళ్లు పోసుకున్నవారూ ఉన్నారు. మన ఇళ్లలో తడిగుడ్డ సంగతీ ఇదే కదా!

యుద్ధానికి వెళ్లకుండా తప్పించుకోవడానికి నటించేవాళ్లూ ఉండేవారు. ఈథర్ మత్తిచ్చి అలాంటివాళ్లను ఎలా పట్టుకోవచ్చో కూడా ఈ ముగ్గురే 1864లో రాశారు. అంటే వచ్చినవాళ్లందరినీ గుడ్డిగా నమ్మలేదు. పరీక్షించి, ఒక్కొక్కరి బాధా రాసుకుని, ఆ తర్వాత నమ్మారు. నాకు మిచెల్‌లో బాగా నచ్చేది ఇదే. ఆ మంటకు 1867లో ‘కాజాల్జియా’ అని పేరు పెట్టారు. ఇప్పుడు మేం దాన్ని సీఆర్‌పీఎస్ రెండో రకం అంటున్నాం. వైద్యం మాత్రం చాలావరకు మార్ఫినే. ఏడాదిలో 40 వేల ఇంజెక్షన్లు ఇచ్చామని వాళ్ల లెక్క.

తీసేసిన కాలు, చెయ్యి ఇంకా ఉన్నట్టే నొప్పి పుట్టడాన్ని ‘ఫాంటమ్’ అవయవం అన్నదీ మిచెలే. ఒకసారి భుజం దాకా చెయ్యి పోయిన రోగికి ముందుగా చెప్పకుండా, నరాల మీదుగా విద్యుత్తు పంపారు. రెండేళ్లుగా ఆ చెయ్యి ఉన్న భావనే లేని మనిషి, అది తిరిగొచ్చిందని కేకపెట్టి, లేని చేతిని పట్టుకోబోయాడట. చెప్పకుండా అలా చేయడం ఈ రోజుల్లో ఒప్పుకోం. కానీ బయటి నుంచి పంపే కరెంటు, నరం మెదడుకు చెప్పే మాటను మార్చగలదని ఆ కేక చెప్పింది.

సైనికుల మాట అంత శ్రద్ధగా విన్న మనిషి ఆడవాళ్ల విషయంలో వినలేదు. నరాల బలహీనత అంటూ వచ్చిన స్త్రీలను వారాల తరబడి మంచం దిగనివ్వకుండా, చదవనివ్వకుండా, రాయనివ్వకుండా ఉంచే ‘విశ్రాంతి చికిత్స’ ఆయనదే. 1887లో అది చేయించుకున్న రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్, ఆ బాధనే కథగా రాశారు, అది 1892లో అచ్చయింది. మిచెల్ 1914 జనవరిలో, 84 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మరో యాభై ఏళ్లకు గానీ ఆ కేక వెనకున్న సంగతి వైద్యానికి పనికిరాలేదు. మోకాలు గుద్దుకుంటే చేత్తో రుద్దుతాం కదా! స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు గేటు వేస్తాయని 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించారు. 1967లో నార్మన్ షీలీ, క్యాన్సర్ నొప్పితో ఉన్న ఒక రోగికి వెన్నుపాము దగ్గర తొలి పరికరం అమర్చారు. న్యూరోమాడ్యులేషన్ అని మీరు వింటున్న వైద్యం అలా మొదలైంది.

ఇది మొదటి రోజే అడగాల్సిన వైద్యం కాదు. ముందు షుగరు అదుపులోకి రావాలి. ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ లాంటి మందులు డాక్టర్ చెప్పిన మోతాదులో, చెప్పినన్ని వారాలు వాడి చూడాలి. రెండు రోజులు మింగి, తగ్గలేదని ఆపేస్తే వాడినట్టు కాదు. అయినా నెలల తరబడి నిద్ర పట్టకపోతే నొప్పి నిపుణుడికి చూపించుకోండి. వెన్నులోకి సూదితో సన్నని తీగ పంపి, బయట బ్యాటరీ పెట్టి దాదాపు వారం రోజులు పరీక్షిస్తారు. నొప్పి కనీసం సగం తగ్గితేనే బ్యాటరీని చర్మం కింద అమరుస్తారు. నొప్పి పూర్తిగా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇన్ఫెక్షన్ రావచ్చు, తీగ జరగొచ్చు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. అందుకే ఒప్పుకునే ముందే అడగండి: బ్యాటరీ రీచార్జి అయ్యేదా, ఎన్నేళ్లకు మార్చాలి, అమర్చాక ఎంఆర్ఐ తీయించుకోవచ్చా?