ప్రపంచం మెచ్చిన సౌందర్యం.. మదనపల్లె మూలం
అందంతో వచ్చిన ఖ్యాతిని సొమ్ము చేసుకోని లీలా నాయుడు

మదనపల్లె: తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి జన్మించిన ఊరు.. విశ్వకవి రవీంద్రుడు 1919లో బస చేసి జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించిన ఊరు.. మదనపల్లె పేరు చెప్పగానే ఈ రెండు విశేషాలూ అందరికీ గుర్తుకు వస్తాయి. ఒకనాడు ప్రపంచంలోని పదిమంది అత్యంత సుందరమైన మహిళల్లో ఒకరిగా కీర్తి గడించిన లీలా నాయుడు తండ్రి స్వస్థలం కూడా ఇదేనన్న సంగతి మాత్రం నేటి తరంలో కొద్దిమందికే తెలుసు. కిరీటం ధరించిన సుందరిగా, మన్ననలందుకున్న నటిగా కనిపించే ఆమె జీవితం పూలబాట కాదు. అందం ఆమెకు చిన్నతనంలోనే పేరు తెచ్చింది. ఆ పేరుతోనే బతికేయడానికి ఆమె మనసు అంగీకరించలేదు. అందుకు చెల్లించిన మూల్యమూ తక్కువేమీ కాదు.

శాస్త్రవేత్త ముద్దుబిడ్డ
లీల తండ్రి పట్టిపాటి రామయ్య నాయుడు భౌతిక శాస్త్రవేత్త. రెండుసార్లు నోబెల్ బహుమతి అందుకున్న మేరీ క్యూరీ పారిస్ ప్రయోగశాలలో డాక్టరేట్ కోసం పరిశోధన చేశారు. అనంతరం యునెస్కోకు శాస్త్రీయ సలహాదారుగా సేవలందించారు. తల్లి మార్త్ ఫ్రాన్స్‌కు చెందిన పాత్రికేయురాలు. భారతీయ సంస్కృతిని అధ్యయనం చేసిన విదుషీమణి. ఈ దంపతుల ఏకైక సంతానంగా 1940లో నాటి బొంబాయిలో లీల జన్మించారు. బాల్యంలో అధిక భాగం ఐరోపాలోనే గడిచింది. స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో విద్యాభ్యాసం సాగింది. ప్రఖ్యాత ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వార్ వద్ద నటనలో మెలకువలు నేర్చుకున్నారు. చిత్రకారుడు సాల్వడార్ డాలీ మేరీమాత చిత్రానికి తనను నమూనాగా ఎంచుకున్నారని ఆమె తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నారు.

కిరీటం వెంటే కన్నీరు
1954లో లీల మిస్ ఇండియాగా ఎంపికయ్యారు. అప్పటికి ఆమె వయసు పద్నాలుగేళ్లు. నేటి నిబంధనల ప్రకారమైతే ఆ ప్రాయంలో పోటీకి అర్హతే ఉండదు. ఫ్యాషన్ ప్రపంచానికి ప్రామాణికంగా భావించే వోగ్ పత్రిక సుందరీమణుల జాబితాలో జైపూర్ మహారాణి గాయత్రీదేవితో పాటు ఆమెకూ చోటు దక్కింది. దేశ విదేశాల పత్రికల్లో ఛాయాచిత్రాలు వెలువడ్డాయి.

కిరీటం దక్కిన రెండేళ్లకే, 1956లో వివాహం జరిగింది. హోటళ్ల అధినేత మోహన్‌సింగ్ ఒబెరాయ్ కుమారుడు తిలక్‌రాజ్‌ను ఆమె పెళ్లాడారు. ఆయన వయసులో ఆమెకంటే ఎంతో పెద్దవారు. కవల ఆడపిల్లలు పుట్టారు. కాపురం మాత్రం నిలవలేదు. విడాకుల అనంతరం పిల్లల సంరక్షణ బాధ్యత తండ్రికే దక్కింది. లోకమంతా ఆమె అందాన్ని వేనోళ్ల కొనియాడుతున్న ఆ రోజుల్లోనే కన్నబిడ్డలకు దూరం కావలసి రావడం లీల జీవితంలో పెను విషాదం.

వెండితెరపై అనురాధ
1960లో హృషికేశ్ ముఖర్జీ దర్శకత్వంలో వచ్చిన ‘అనురాధ’ లీలకు తొలి చిత్రం. ఆదర్శాల కోసం పల్లెకు వెళ్లిన వైద్యుడిని ప్రేమించి, సంగీతాన్ని వదులుకున్న గాయని పాత్ర ఆమెది. వైద్యుడిగా బల్‌రాజ్ సహానీ నటించారు. పండిట్ రవిశంకర్ సంగీతం సమకూర్చారు. ఆభరణాలు, ఆడంబరాలు లేని సాధారణ ఇల్లాలిగా ఆమె ప్రేక్షకుల ముందుకు వచ్చారు. కేవలం అందం కోసం ఎంపిక చేశారనుకున్న వారికి ఆ నటనే సమాధానం అయింది. చిత్రం ఆర్థికంగా విజయం సాధించకపోయినా జాతీయ ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణ పతకం అందుకుంది. 1961 బెర్లిన్ చలనచిత్రోత్సవంలో పోటీకి నిలిచింది.

కాదనుకున్న అవకాశాలు
తదనంతరం అగ్ర నిర్మాత, దర్శకుడు రాజ్‌కపూర్ వరుస చిత్రాల ఒప్పందంతో ముందుకు వచ్చినా ఆమె అంగీకరించలేదు. అప్పటి ఏ తారకైనా అది వరమే. సంఖ్య కంటే పాత్రే ముఖ్యమని లీల భావించారు. 1963లో నానావతి కేసు ఆధారంగా తీసిన ‘యే రాస్తే హై ప్యార్ కే’లో సునీల్‌దత్ సరసన నటించారు. అదే ఏడాది శశికపూర్‌తో చేసిన ‘ది హౌస్‌హోల్డర్’ ఇస్మాయిల్ మర్చంట్, జేమ్స్ ఐవరీ జంటకు తొలి కథాచిత్రం. ‘గైడ్’లో రోజీ పాత్రకు తొలుత లీల పేరే పరిశీలించారని, నాట్యం తెలిసిన నటి అవసరం కావడంతో ఆ అవకాశం వహీదా రెహమాన్‌కు దక్కిందని సినీవర్గాలు చెబుతాయి. 1955లో ‘రోజులు మారాయి’ చిత్రంలో నర్తించిన వహీదా తెలుగువారికి అప్పటికే సుపరిచితురాలు.

తెర వెనుక గొంతు
1969లో కవి, రచయిత డామ్ మొరేస్‌ను ఆమె వివాహమాడారు. భర్త ఉద్యోగరీత్యా హాంకాంగ్‌లో నివసించిన కాలంలో అక్కడి చిత్రాలకు డబ్బింగ్ చెప్పారు. ముఖారవిందంతో కీర్తి పొందిన మహిళ ముఖం కనిపించని పనిని చేపట్టారు. సుదీర్ఘ విరామం తర్వాత 1985లో శ్యామ్ బెనగల్ ‘త్రికాల్’లో గోవా కుటుంబ పెద్దగా కనిపించారు. యవ్వన ఛాయలు తొలగిన ఆ ముఖంలో నటనే మిగిలింది. విమర్శకులు మళ్లీ మెచ్చుకున్నారు. 1992లో ప్రదీప్ క్రిషెన్ ‘ఎలక్ట్రిక్ మూన్’లో నటించారు. మొరేస్‌తోనూ బంధం నిలవలేదు. చివరి రోజులను ముంబయిలో జనసందోహానికి దూరంగా గడిపారు. 2009 జులై 28న అక్కడే తుదిశ్వాస విడిచారు. రచయిత జెర్రీ పింటోతో కలిసి రూపొందించిన జ్ఞాపకాల గ్రంథం మరుసటి ఏడాది వెలువడింది.

తెలుగు చిత్రంలో లీల ఒక్కసారీ నటించలేదు. అయినా రెండు వివాహాల అనంతరమూ తండ్రి పేరులోని నాయుడు అన్న మాటను ఆమె విడిచిపెట్టలేదు. తొలి చిత్రం నుంచి చివరి చిత్రం దాకా తెరపై పడింది ఆ పేరే. మదనపల్లెకు, ఆమెకు మధ్య చెరగని బంధం అదొక్కటే.