రోనాల్డ్ రీగన్ జీవితం – మన ఇళ్లకు ఒక పాఠం



వృద్ధుల ఆరోగ్యం మీద తెస్తున్న ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితాన్ని గురించి రాయవలసిందిగా మన సంఘ కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. గాంధీ గారిని గురించి, ప్రకాశం పంతులు గారిని గురించి రాసే సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన రోనాల్డ్ రీగన్‌ను ఎంచుకున్నాను. ఇందులో రాజకీయం లేదు. ఆయనకు వచ్చిన కష్టమే మా ఇంటికీ వచ్చింది. అదే కారణం.

మేముండే కంచన్‌బాగ్‌లో ఈ పేరు ఎత్తితే మొహం చిట్లించేవారు ఇప్పటికీ ఉన్నారు. మా ఇరుగుపొరుగులో చాలామంది డి.ఆర్.డి.ఎల్.లోనో, మిధానిలోనో, భారత్ డైనమిక్స్‌లోనో పనిచేసి రిటైరైనవారు. 1983లో మన దేశం సొంత క్షిపణుల కార్యక్రమం మొదలుపెట్టింది. 1987లో ఏడు సంపన్న దేశాలు కూడబలుక్కుని, క్షిపణుల పరిజ్ఞానం బయటి దేశాలకు అందకుండా కట్టుబాటు చేసుకున్నాయి. అప్పుడు అమెరికా అధ్యక్షుడు రీగనే. విడిభాగాలు రాక మనవాళ్లు ఎన్ని అవస్థలు పడ్డారో, చివరికి వాటిని ఇక్కడే ఎలా తయారు చేసుకున్నారో సాయంకాలం నడకలో వీరు కథలుగా చెబుతారు. అటువంటి పేటలో ఉండి ఆయన జీవితం రాస్తున్నందుకు మిత్రులు మన్నింతురు గాక.

రీగన్ 1911 ఫిబ్రవరి 6వ తేదీన ఇల్లినాయ్ రాష్ట్రంలోని టాంపికో అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి చెప్పుల దుకాణంలో అమ్మకాలు చేసేవాడు, తాగుడు అలవాటు ఉన్నవాడు. ఇల్లు గడవడం కష్టంగానే ఉండేది. కుర్రవాడు ఎండాకాలాల్లో రాక్ నది ఒడ్డున ఈతగాళ్లకు కాపలా ఉద్యోగం చేశాడు. ఏడు వేసవుల్లో 77 మందిని మునిగిపోకుండా కాపాడినట్టు చెబుతారు. ఈ ఒక్క విషయం పాఠకులు గుర్తుంచుకోవాలి. నీళ్లలో పడినవాళ్లను ఒడ్డుకు చేర్చిన ఆ శరీరమే చివరకు సొంత ఇంట్లో పడిపోయింది.

1932లో కళాశాల చదువు ముగించి రేడియోలో ఆటల వ్యాఖ్యాతగా చేరారు. 1937లో హాలీవుడ్‌కు వెళ్లారు. యాభైకి పైగా సినిమాలు చేశారు. 1942లో వచ్చిన కింగ్స్ రో అనే చిత్రంలో ఆయన పాత్ర ఆపరేషన్ తర్వాత కళ్లు తెరిచి, రెండు కాళ్లూ తీసేశారని తెలుసుకుంటుంది. నటుడిగా ఆయనకు ఎక్కువ పేరు తెచ్చిన సన్నివేశం అదే. 1947లో నటుల సంఘానికి అధ్యక్షుడయ్యారు. అంటే మన సంఘ కార్యవర్గం వంటి బాధ్యతలే, జీతాల పేచీలు, సమావేశాలు అన్నీ ఆయనకూ అనుభవమే. మొదటి వివాహం విడిపోయాక 1952లో నాన్సీని చేసుకున్నారు. 1967 నుంచి 1975 వరకు కాలిఫోర్నియా గవర్నరు. 1981 జనవరిలో అధ్యక్ష పదవి స్వీకరించేనాటికి ఆయనకు డెబ్బై నిండడానికి కొద్ది రోజులే తక్కువ.

ఆ సంవత్సరం మార్చి 30వ తేదీన వాషింగ్టన్‌లో ఒక హోటలు బయట ఆయన మీద కాల్పులు జరిగాయి. అప్పుడు నేను యు.డి.సి.ని. ఆఫీసు క్యాంటీన్‌లో టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా అందరం పేపరు చుట్టూ మూగాం. గుండెకు అతి దగ్గరగా వెళ్లి ఊపిరితిత్తిలో ఆగిన గుండుతో ఆయన కారు దిగి, తన కాళ్ల మీద ఆసుపత్రిలోకి నడిచి వెళ్లి, లోపల కూలిపోయారు. ఏప్రిల్ 11న ఇంటికి చేరారు. 1985లో పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది. దాని నుంచీ కోలుకున్నారు. 1989లో పదవీ విరమణ చేసిన ఏడే గుర్రం మీద నుంచి పడి, తలలో రక్తం గూడుకట్టగా మాయో క్లినిక్‌లో శస్త్రచికిత్స చేయించుకున్నారు. గుండు, కత్తి, గుర్రం ఏదీ ఆయనను మంచాన పడేయలేకపోయాయి.

1994 నవంబరులో ఆయన తన చేతిరాతతో దేశప్రజలకు ఒక ఉత్తరం రాశారు. తనకు అల్జీమర్స్ వ్యాధి వచ్చిందని, దీనివల్ల తన భార్య మీద పడబోయే భారమే తనను బాధిస్తోందని అందులో తెలియజేశారు. మన ఇళ్లలో ఇటువంటి జబ్బును వయసు మీద పడ్డ చాదస్తమని చెప్పి చుట్టాల దగ్గర దాచిపెడతాం. అంత పదవి చేసిన మనిషి తానే ముందుగా బయటపెట్టడం చిన్న విషయం కాదు.

తర్వాతి సంవత్సరాల్లో మాట తగ్గింది, మనుషుల పోలిక తప్పింది. 2001 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని తమ ఇంట్లో ఆయన పడిపోయారు. కుడి తుంటి విరిగింది. మరునాడే శాంటా మోనికాలోని ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఎముకను లోహపు పరికరంతో బిగించారు. అప్పటికి ఆయన వయసు 89. వారం రోజులకు ఇంటికి తెచ్చారు. మార్చి 4వ తేదీన ఆయన పేరు పెట్టిన పెద్ద విమానవాహక నౌకకు నామకరణం జరిగితే నాన్సీ ఒక్కరే వెళ్లారు. ఆ తర్వాత ఆయన ప్రజల ముందుకు రాలేదు. 2004 జూన్ 5వ తేదీన, 93వ ఏట, న్యుమోనియాతో కన్నుమూశారు. తుంటి విరిగిన తర్వాత మూడు సంవత్సరాల నాలుగు నెలలకు పైగా జీవించారు.

ఇక మా ఇంటి సంగతి.

2018 జనవరిలో మా ఆవిడ స్నానాల గదిలో పడింది. అరవై తొమ్మిదేళ్లు. అప్పటికి నాలుగేళ్లుగా మతిమరుపు. పోపు వేసి పొయ్యి ఆర్పడం మరిచిపోవడంతో మొదలై, మనవల పేర్లు కలిపేసేదాకా వచ్చింది. ఎక్స్‌రే చూసి తుంటి విరిగిందన్నారు. మేము చేర్చిన ఆసుపత్రిలో అనుమతి కాగితాలు, సంతకాలు, రెఫరల్ అంటూ మూడు రోజులు గడిచాయి. సర్వీసు పొడుగునా ఫైలు కదలడం ఆలస్యమైతే ఏమవుతుందిలే అనుకున్నవాణ్ణి నేను. ఆ మూడు రోజులు వరండాలో కూర్చుని, నా టేబులు మీద ఆగిన ఫైళ్ల వెనుక ఎవరెవరు ఎదురుచూశారో లెక్కపెట్టుకున్నాను.

రెండో రాత్రి నుంచి ఆమె గుర్తుపట్టడం మానేసింది. సెలైన్ గొట్టం లాగేసింది. చేతులు మంచానికి కట్టారు. నాలుగో రోజు ఆపరేషన్ జరిగింది. తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఎముక చక్కగా కుదిరింది. డాక్టరు గారు సంతోషించారు. కాని వాకర్ ఎలా పట్టుకోవాలో ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పి ముగించేలోపు ఈమె మరిచిపోయేది. అన్నం వద్దని మొహం తిప్పుకుంటే మొండితనమనుకున్నాం. నొప్పి వల్ల అని కనిపెట్టింది మా పెద్దకోడలు. మాత్ర వేళకు వేయించిన రోజు నాలుగు ముద్దలు తిన్నది. తర్వాత ఆమె తనంతట తాను నడవలేదు. పద్నాలుగు నెలలు ఉండి వెళ్లిపోయింది.

ఆపరేషన్ చేయించి తప్పు చేశానా, ఇంకా ముందు చేయించకపోవడం తప్పా అని చాలాకాలం నిద్ర పట్టేది కాదు. ఆ రోజుల్లోనే రీగన్ జీవితం చదివాను. చదివాక మా అబ్బాయిని, ఒక డాక్టరు మిత్రుణ్ణి పట్టుకుని ఈ విషయమంతా అడిగి తెలుసుకున్నాను.

మతిమరుపు వ్యాధి ఉన్నవారికి తుంటి విరిగితే రెండు జబ్బులు ఒకదాన్ని ఒకటి పెంచుతాయి. మంచాన ఉంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా, వీపున పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డలు వస్తాయి. నొప్పి, కొత్త చోటు, మత్తుమందు, నిద్రలేమి కలిసి మనసు ఒక్కసారిగా గందరగోళమవుతుంది. డాక్టర్లు దీనిని డెలీరియం అంటారు. మా ఆవిడకు రెండో రాత్రి వచ్చినది అదే. న్యూయార్క్‌లో చేసిన ఒక పరిశోధన 2000 సంవత్సరంలో వెలువడింది. తుంటి విరిగిన వృద్ధుల్లో, మతిమరుపు వ్యాధి చివరిదశలో ఉన్నవారిలో ఆరు నెలల్లో నూటికి 55 మంది చనిపోయారు. తెలివి సరిగ్గా ఉన్నవారిలో 12 మందే. నొప్పి మందు మాత్రం ముదిరిన జబ్బువారికి మిగతావారికి ఇచ్చినదానిలో మూడోవంతే అందింది. అడగలేని వారికి ఎవరూ ఇవ్వలేదన్న మాట. ఇది చదివి మా కోడలి చేతులు పట్టుకున్నాను.

అట్లని అందరి కథా ఒకటి కాదు. జబ్బు తొలి, మధ్యదశల్లో ఉన్నవారికి వృద్ధుల వైద్యం తెలిసినవారు ఓపికగా నడక నేర్పితే చాలామంది ఇంటికి చేరుకోగలరని ఫిన్లండ్‌లో అదే ఏట చూపించారు. బ్రిటన్‌లో ఆసుపత్రిలో చేరిన రోజో మరునాడో ఆపరేషన్ చేయాలని నియమం పెట్టుకున్నారు. ఇక వృద్ధాశ్రమాల్లో బాగా చితికిపోయి ఉన్న వారి సంగతి. హాలండ్‌లో 2022లో వెలువడిన పరిశోధనలో కొన్ని కుటుంబాలు డాక్టర్లతో కూర్చుని ఆలోచించి, ఆపరేషన్ వద్దనుకుని నొప్పి తగ్గించే వైద్యం మాత్రమే కోరుకున్నాయి. వారిలో నూటికి 83 మంది నెలలోపే పోయారు. ఆపరేషన్ అయినవారిలో 25 మంది. కాని ఉన్న రోజుల్లో వారి సుఖం ఆపరేషన్ అయినవారికంటే తక్కువగా లేదు. ఆ నిర్ణయం తీసుకున్న బంధువులూ చాలావరకు తృప్తిగానే ఉన్నారు. కనుక చేయించినవారు క్రూరులు కారు, వద్దన్నవారు నిర్దయులు కారు. ఆ మనిషికి ఏది సుఖమో ముందు ఆలోచించాలి.

ప్రపంచంలో దొరికే అన్ని సౌకర్యాలూ ఉన్న రీగన్‌కు మరునాడే ఆపరేషన్ జరిగింది. ఎముక అతుక్కుంది, మూడేళ్ల ఆయుష్షు దక్కింది. జ్ఞాపకం మాత్రం ఏ డాక్టరూ తిరిగి తేలేదు. అది తెలిశాక నా మీద నాకున్న కోపంలో సగం తగ్గింది. మిగిలిన సగం ఆ మూడు రోజుల ఆలస్యం మీద, కట్టిన చేతుల మీద, గుర్తించని నొప్పి మీద ఉంది. అది ఉండవలసిందే. ఎందుకంటే వాటిని మీరు తప్పించగలరు.

కాబట్టి మిత్రులకు నా మనవి. పెన్షనరు కార్డు, మెడికల్ కార్డు, ఆధార్, పాత రిపోర్టుల నకళ్లు ఒక సంచిలో పెట్టి తలుపు పక్కన తగిలించండి. స్నానాల గదిలో గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి, రాత్రి చిన్న దీపం వెలిగించి ఉంచండి. మతిమరుపు వ్యాధి ఉన్నవారు ఆసుపత్రిలో చేరితే తెలిసిన మనిషి ఒకరు రాత్రింబవళ్లు పక్కన ఉండాలి. కళ్లజోడు, వినికిడి యంత్రం వెంట తీసుకువెళ్లండి. నొప్పి ఉన్నదా అని అడిగి ఊరుకోకుండా మొహం చూడండి. ఆపరేషన్‌కు సంతకం పెట్టేముందు, నడక తిరిగి వస్తుందా, నొప్పి తగ్గుతుందా అని రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి. అన్నిటికంటే ముందు, మీకు మతి ఉండగానే మీ అభీష్టం పిల్లలకు చెప్పి ఉంచండి. రీగన్ రాసినట్టు ఒక ఉత్తరం రాసినా చాలు.

నేను నాది రాసి ఆ సంచిలోనే పెట్టాను.

– ఒక విశ్రాంత యు.డి.సి., కంచన్‌బాగ్